నురగ బాబాయి శిష్యరికం

ఆ వీధిలో నురగ బాబాయి అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు అడిగితే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. గడ్డం గీసే ముందు ఆయన సబ్బు రుద్దే తీరు చూసి ఎవరో పిల్లలు పెట్టిన పేరది. బుగ్గల మీద, దవడ కింద, చెవుల దాకా నురగ పొంగించేవాడు. ఇక కుర్చీలో మనిషికి కళ్ళూ ముక్కూ తప్ప ఇంకేమీ మిగిలేది కాదు. ఎవరైనా పక్కింటివాళ్ళ సంగతి ఎత్తుకున్నారంటే బ్రష్షు పెదాల మీదకి కూడా వచ్చేసేది. నోరు తెరిస్తే సబ్బు, మూసుకుంటే మర్యాద. అలా మర్యాదస్తులైనవాళ్ళు ఆ వీధిలో బోలెడుమంది ఉన్నారు.

తాళంచెవులు చేసే కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య ఇరుకు గది ఆయనది. రెండు కుర్చీలు, ఒకదాని చేతికి నల్ల టేపు చుట్టి ఉండేది. ఎదురుచూసేవాళ్ళకి ఒక బల్ల, ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడు నిలబడాల్సిందే. పొద్దున తలుపు తీశాక, అద్దం తుడవకముందే, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి రెండు నిమిషాలు కళ్ళు మూసుకునేవాడు. ఏం ప్రార్థన చేస్తావని తాళాలాయన అడిగితే, "ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళకి నా చేతిలో గాటు పడకూడదని" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు.

ఆయన్ని దగ్గర నుంచి చూసినది ఆ వీధి చివర మూడో అంతస్తులో ఉండే ఒక కోడలు. ఆమె భర్త సీసాలు నింపే ఫ్యాక్టరీలో మెషీన్ ఆపరేటరు, వారానికో షిఫ్టు. మామగారు నీటి సరఫరా ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు, చర్చి సంఘంలో ఇరవై ఏళ్ళు పెద్దగా ఉన్నారు. ఇంట్లో ఆయన దగ్గితే కూర్చున్నవాళ్ళు లేచేవారు. మందిరంలో దగ్గితే పాట పాడేవాళ్ళు శ్రుతి సరిచూసుకునేవారు.

అలాంటి మనిషికి ఒకరోజు స్నానాల గదిలోనే పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరున్న మనిషికి నోరే పోయింది. మిగిలింది ఒకే ఒక్క మాట: "వద్దు." టీ కావాలా అంటే వద్దు అనేవారు, అంటూనే ఎడమ చెయ్యి చాచేవారు. ఆ వద్దుల్లో ఏది అవునో ఏది కాదో కనిపెట్టడం ఆమెకి కొద్ది రోజుల్లోనే పట్టుబడింది.

పట్టుబడనిది గడ్డం. రోజూ పొద్దున ఏడు లోపు నున్నగా గీసుకునే మనిషికి ఇరవై రోజుల గడ్డం పెరిగింది. మూతి పక్క నుంచి కారే చొంగ అందులో ఇంకి చర్మం ఎర్రగా పుండ్లు పడింది. కొడుకు ఒకసారి బ్లేడు పట్టుకున్నాడు. తండ్రి గుర్రుమన్నారు, కొడుకు చేతిలో బ్లేడు జారింది, దవడ మీద గాటు పడింది. నా వల్ల కాదని బ్లేడు కిటికీలో పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఇద్దరు సెలూన్‌వాళ్ళని పిలిపించారు. ఒకడు మెట్లు చూసి వెనక్కి తిరిగాడు. ఇంకొకడు మనిషిని చూసి, మళ్ళీ రాలేదు.

ఒక బుధవారం పదింటికి తలుపు తట్టిన చప్పుడైంది. అత్తగారు తీశారు. గుమ్మంలో రేకు పెట్టె పట్టుకుని నురగ బాబాయి. అత్తగారి చెయ్యి గడియ మీదే ఉండిపోయింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"వేడినీళ్ళు ఒక గిన్నెడు కావాలక్కా" అన్నాడాయన, నిన్న కూడా వచ్చివెళ్ళినవాడిలా.

ఊరక రారు మహానుభావులు అనుకుంటూనే కోడలు నీళ్ళు కాచి ఇచ్చింది. బాబాయి పెద్దాయన మెడ కింద తువ్వాలు సర్ది, వేడి గుడ్డ అద్ది, నురగ పొంగించాడు. కుడి బుగ్గ గీయడం పూర్తయింది. ఎడమవైపు తిరిగేసరికి పెద్దాయన కళ్ళు నిప్పులయ్యాయి. వద్దు అంటూ ఎడమ చేత్తో ఒక్కటిచ్చారు. గిన్నె ఎగిరి సబ్బునీళ్ళన్నీ బాబాయి చొక్కా మీద పడ్డాయి. ఆయన చొక్కా దులుపుకున్నాడు, నేల తుడిచాడు, కత్తి మడిచాడు. "ఈరోజుకి సగం చాలు. మిగతాది శనివారం" అని దిగి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు పెద్దాయన సగం గడ్డంతో ఉన్నారు. ఆ మధ్యలో పరామర్శకు వచ్చిన పాస్టరుగారు కళ్ళు మూసుకుని చేసే ప్రార్థనని మామూలు కన్నా బాగా పొడిగించారు. శనివారం బాబాయి వచ్చి రెండో సగం గీశాడు. ఈలోగా మొదటి సగం మళ్ళీ మొలిచింది కాబట్టి అది కూడా గీశాడు. ఆ తర్వాత ప్రతి బుధవారం, ప్రతి శనివారం.

ఆయన్ని చూస్తే అత్తయ్య ఎందుకలా బిగుసుకుపోతున్నారని ఆమె భర్తని అడిగింది. అతను తనకి తెలిసింది చెప్పాడు. ఆమె కాపురానికి రాకముందు జరిగిన సంగతి అది. వాచీలు బాగుచేసే ఆయన ఒకరు అదే సంఘంలో ఉండేవాడు. ఆయన తమ్ముడు ఏదో నేరం మీద కొన్నేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. బయటికి మాత్రం ఓడ మీద పని అని చెప్పుకున్నారు. తమ్ముడు బుద్ధిగా గోడౌన్‌లో పనికి కుదిరాడు, మందిరానికి వస్తున్నాడు. ఒకసారి గడ్డం గీయించుకుంటూ అన్న ఆ బాధ బాబాయి దగ్గర వెళ్ళబోసుకున్నాడు. నెల తిరక్కుండా ఆ మాట గోడౌన్ దాకా పాకింది. తమ్ముడి పని పోయింది, తలెత్తుకోలేక ఊరొదిలి వెళ్ళాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషికి దేవుడి పాట ఎత్తే అర్హత లేదని మామగారు మందిరంలో అందరి ముందూ నిలబడి అన్నారు. అప్పటిదాకా పాటలు నడిపించింది బాబాయే. ఆ ఆదివారం నుంచి వెనక బల్లకి వెళ్ళి కూర్చున్నాడు. నేను చెప్పలేదు అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ అనలేదట. కొట్టుకి వచ్చేవాళ్ళు సగానికి సగం మొహం చాటేశారు. కడుపులో మాట దాచుకోలేడన్న పేరు పడ్డవాడి ముందు మెడ వంచి కూర్చునేదెవరు?

ఓహో, ఇదా సంగతి, చేసిన తప్పుకి ఇప్పుడిలా జరిమానా కట్టుకుంటున్నాడన్నమాట అనుకుంది ఆమె. ఒకరోజు ఆయన కత్తి కడుగుతుంటే అడిగేసింది కూడా, పాత తప్పు కడుక్కోవడానికా వస్తున్నారు బాబాయ్ అని. కొత్త కోడలి నోరు కాదు, ఏడేళ్ళు కాపురం చేసిన నోరు.

ఆయన కత్తి తుడుచుకుని పెట్టెలో పెట్టాడు. "తప్పు ఎవరిదైనా గడ్డం గడ్డమే కదమ్మా" అన్నాడు.

ఆ జవాబు ఆమెకి మింగుడుపడలేదు. కొన్నాళ్ళకి ఇంకొకటి గమనించింది. ఆయన అడుగుల చప్పుడు రెండో అంతస్తు దాటాక, మెట్ల మలుపులో ఆగిపోతుంది. కొన్ని రోజులు నిమిషం, కొన్ని రోజులు పావుగంట. అరవై దాటిన మనిషి, ఆయాసం కాబోలనుకుని ఒకసారి మంచినీళ్ళు తీసుకుని దిగింది. బాబాయి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పెట్టె ఒళ్ళో ఉంది. రెండు చేతులూ దాని మీద వణుకుతున్నాయి. ఆయాసం కాదు. దవడ ఎముకలు బిగుసుకుని, మనిషి ఎర్రగా కాలిపోతున్నాడు.

"ఒంట్లో బాలేదా బాబాయ్?"

"బానే ఉందమ్మా. కోపం" అన్నాడాయన. "ఇవాళ కాస్త ఎక్కువగా ఉంది. అది దిగాక నేను ఎక్కుతాను. ఇంత కోపంతో కత్తి పట్టుకోకూడదు."

మామయ్యగారి మీద మీకెందుకు కోపం అని అడగబోయి ఆగిపోయింది. తప్పు చేసినవాడికి సిగ్గు ఉంటుంది గానీ ఇంత కోపం ఉండదు. ఇన్నాళ్ళూ తనకి చెప్పిన కథలో ఎక్కడో పొంతన తప్పిందని ఆమెకి అప్పుడే అనిపించింది. నీళ్ళ గ్లాసు ఆయనకిచ్చి, పై మెట్టు మీద కూర్చుంది.

ఎవరూ అడగకుండానే ఆయన చెప్పుకొచ్చాడు. మొదటిసారి ఇక్కడికి బయల్దేరిన రోజు తన ఇంటావిడ అడ్డం నిలబడిందట. నెల రోజులు మాట్లాడలేదట కూడా. ఆ నెలంతా అన్నం మాత్రం వేళకే పెట్టిందని చెప్పి కొద్దిగా నవ్వాడు.

"క్షమించేసి వస్తున్నాననుకుంటున్నావేమో అమ్మాయ్, అంత గొప్పవాణ్ణి కాను. వస్తూ ఉంటే అదే వస్తుందని వస్తున్నాను. నేను పని నేర్చుకున్నప్పుడు మా గురువు ఏదీ విడమరిచి చెప్పేవాడు కాదు. ఆయన చేసేది చూడాలి, అలాగే చెయ్యాలి. ఎందుకని అడిగితే, 'ముందు చెయ్యి, చేతికే తెలుస్తుంది' అనేవాడు. శిష్యరికం అంటే అంతే మరి. ప్రభువు దగ్గర మాత్రం వేరేనా? తనని శత్రువులకి పట్టించబోయే శిష్యుడి కాళ్ళు కూడా కడిగాడాయన. నాకు కాళ్ళు కడగడం అలవాటు లేదు. గడ్డం గీయడం వచ్చు."

గ్లాసు ఖాళీ చేసి, మోకాళ్ళ మీద చేతులు వేసి లేచాడు. ఆ రోజు పెద్దాయన గడ్డం ఎప్పటి కన్నా నెమ్మదిగా గీశాడు. ఒక్క గాటు పడలేదు.

ఆమె ఆ ఆదివారం మందిరంలో కూర్చుంది గానీ చెవుల్లో ప్రసంగం పడలేదు. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే, శిష్యులు కావాలి, శిష్యులు కావాలి అని. ఆ మాట వింటే ఇన్నాళ్ళూ తెల్లబట్టలు, చేతిలో గ్రంథం, మెత్తటి గొంతు గుర్తొచ్చేవి. ఇప్పుడు మెట్ల మలుపులో వణికే రెండు చేతులు కళ్ళ ముందు కదిలాయి. వెనక బల్ల వైపు తిరిగి చూసింది. బాబాయి అందరితో పాటు పాడుతున్నాడు, ఒకప్పుడు తానే ఎత్తిన పాటని ఇంకొకరు ఎత్తితే అందుకుంటూ.

మూడో ఏడు బాబాయికి కంటిలో శుక్లం ముదిరింది. ఆపరేషను తర్వాత నెల రోజులు పని చేయకూడదన్నారు. ఆయన పెద్దాయన కొడుకుని కొట్టుకి పిలిపించి, ఈ నెల నువ్వే గీయాలన్నాడు. అతను ససేమిరా అన్నాడు. చిన్నప్పటి నుంచి తండ్రి చేతి దెబ్బలే తప్ప చేతి స్పర్శ తెలియనివాడు. బాబాయి గడ్డం పట్టుకుని బతిమాలాడు. బతిమాలి, డజను బుడగలు కొనిపించాడు. ఊదిన బుడగకి నురగ పూసి, పగలకుండా గీయాలి. తన గురువు తనకి నేర్పింది అలాగేనట. వారం రోజులు ఆ ఇంట్లో అదే పని. ఏడు బుడగలు టప్పుమన్నాయి. పేలిన ప్రతిసారీ మంచం మీద నుంచి వద్దు అని వినపడేది. అత్తగారు ఉలిక్కిపడి, నీకు గడ్డం గీయడం వచ్చేలోపు నాకు గుండెజబ్బు వస్తుందని కొడుకుని తిట్టారు. ఎనిమిదోది పగలలేదు. అప్పుడు బాబాయి, ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుకుని, తన మొహమే అప్పగించి కూర్చున్నాడు. రెండు చోట్ల తెగింది. పటిక రుద్దుకుని, మొదటిసారి నేను మూడు చోట్ల కోశాలే అన్నాడు.

తండ్రి గడ్డం గీసిన రోజు అతను డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళాడు. చేతులు కడుక్కుంటూ భార్యతో, నాన్న చెంప ఇంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదే అన్నాడు.

నెల తర్వాత బాబాయి మళ్ళీ రావడం మొదలుపెట్టాడు. ఒక శనివారం పాస్టరుగారు, సంఘానికి కొత్తగా పెద్దయిన మరొకాయన పరామర్శకు వచ్చారు. బాబాయి పనిలో ఉన్నాడు. కొత్త పెద్ద మంచి మనసుతోనే అన్నాడు, "చేసిన తప్పు ఇలా దిద్దుకుంటున్నావు బ్రదర్, చాలా సంతోషం" అని.

గోడకి ఆనుకుని కూర్చున్న అత్తగారు లేచి నిలబడ్డారు.

"ఆయన దిద్దుకోవాల్సింది ఏమీ లేదు" అన్నారు. "ఆ మాట బయట పెట్టింది మా ఆయన."

బాబాయి తలెత్తకుండా, మెల్లగా అన్నాడు. "అక్కా, కత్తి గొంతు దగ్గరుంది. ఒక్క నిమిషం ఆగండి."

ఆవిడ ఆగలేదు. పద్నాలుగేళ్ళు ఆగినావిడకి ఇక నిమిషం ఆగే ఓపిక లేదు. ఆ రోజు కొట్లో బల్ల మీద తన వంతు కోసం కూర్చుని ఆ సంగతి విన్నది పెద్దాయన. గోడౌన్ మేనేజరు తన ఆఫీసుకి వస్తే మాటవరసకి నోరు జారినది కూడా ఆయనే. గొడవ ముదిరాక తన పేరు వస్తుందన్న భయంతో ముందుగా లేచి వేలెత్తి చూపించారు. ఆ మర్నాడు బాబాయి ఒక్కడే ఇంటికి వచ్చాడు. "అన్నయ్యా, ఆ రోజు కొట్లో ఉన్నది ముగ్గురమే. నేను చెప్పలేదు. మనిద్దరికీ తెలుసు" అని గుమ్మంలో నిలబడి నెమ్మదిగా అన్నాడు. పెద్దాయన తలుపు వేసేశారు. వంటగదిలో నుంచి ఆవిడ అంతా విన్నారు. విని, మింగలేక కక్కలేక, మొగుడి పరువు కోసం ఊరుకున్నారు.

"ఈయన బయట నలుగురికి చెప్పి ఉంటే మేం తలెత్తుకుని తిరిగేవాళ్ళం కాదు. చెప్పలేదు. ఇప్పుడు వారానికి రెండుసార్లు వచ్చి మా ఆయన మూతి తుడుస్తున్నాడు" అని ఆవిడ కూలబడిపోయారు. కోడలు వెళ్ళి అత్తగారి భుజం పట్టుకుంది.

పెద్దాయన ఎడమ చెయ్యి దుప్పటి మీద నుంచి లేచింది. గిన్నెని ఎగరగొట్టిన చెయ్యే కదా అని కోడలు గిన్నె పక్కకి లాగబోయింది. ఆ చెయ్యి వచ్చి బాబాయి మణికట్టు పట్టుకుంది. "వద్దు" అన్నారాయన. మళ్ళీ, "వద్దు, వద్దు." కళ్ళ వెంట నీళ్ళు కారి నురగలో కలిసిపోయాయి. ఆ వద్దుకి అర్థమేమిటో అన్నీ కనిపెట్టే కోడలికి కూడా తేలలేదు. బాబాయికి తేలిందేమో. చెయ్యి విడిపించుకోకుండా, ఆ పట్టు సడలాక మిగిలిన గడ్డం గీశాడు.

పాస్టరుగారు బాగా కదిలిపోయారు. రేపు ఆరాధనలో అందరికీ చెబుతాను, నీ మీద పడ్డ మచ్చ తుడవడం సంఘం బాధ్యత అన్నారు. బాబాయి ఒప్పుకోలేదు. వాచీలాయన తమ్ముడు వేరే ఊళ్ళో సంసారం చేసుకుంటున్నాడు, పిల్లలకి ఆ జైలు సంగతే తెలియదు. ఇప్పుడు నా పేరు కడగాలంటే ఆ కుర్రాడి పేరు మళ్ళీ నీళ్ళలో ముంచాలి, అది మీరు చేయకండి అన్నాడు. పాస్టరుగారు వాదించారు గానీ లాభం లేకపోయింది.

కాసేపటికి, పెట్టె మూత వేస్తూ, కాస్త తడబడుతూ అన్నాడు. "వాచీలాయనకి మాత్రం... ఆయన ఒక్కడికి తెలిస్తే బావుండును. మేం స్నేహితులం."

అన్నేళ్ళలో ఆయన తన కోసం అడిగింది అదొక్కటే అని కోడలికి తోచింది. మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా మెట్లు దిగని అత్తగారు, సోమవారం పొద్దున్నే కోడలి చెయ్యి పట్టుకుని మూడంతస్తులూ దిగారు. వాచీల కొట్టులో అరగంట కూర్చున్నారు. కోడలు బయట నిలబడింది. లోపల ఏం మాట్లాడుకున్నారో వినాలని ఆమెకి అనిపించలేదు.

ఆ వారంలోనే వాచీలాయన సెలూన్‌కి వచ్చాడని తాళాలాయన చెప్పాడు. గుమ్మంలో కాసేపు నిలబడ్డాడట. తర్వాత వచ్చి టేపు చుట్టిన కుర్చీలోనే కూర్చుని, కటింగ్ అన్నాడట. బాబాయి గుడ్డ దులిపి మెడకి కట్టాడట. కటింగ్‌కి ఇరవై నిమిషాలు చాలు. ఆ రోజు గంటంబావు పట్టింది. ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకోలేదని తాళాలాయన ఆశ్చర్యపోయాడు. చివర్లో వాచీలాయన నెత్తిమీద పెద్దగా జుట్టు మిగల్లేదు గానీ, ఆ తర్వాత నెలనెలా వచ్చాడు.

పెద్దాయన ఇంకో రెండేళ్ళు బతికారు. బుధవారాలు బాబాయివి, శనివారాలు కొడుకువి అయ్యాయి. ఒక వానాకాలం పొద్దున, కొడుకు పక్కనుండగానే, నిద్రలో పోయారు. కబురు తెలిసి బాబాయి పెట్టెతో వచ్చాడు. కొడుకు నీళ్ళ గిన్నె పట్టుకుంటే ఆఖరిసారి గీసి, మొహం తుడిచి, కాలరు సర్దాడు.

జ్ఞాపకార్థ కూటంలో చాలామంది మాట్లాడారు. ఆయన క్రమశిక్షణ, ఆయన గొంతు, మందిరం గోడలు లేపడంలో ఆయన పడ్డ శ్రమ. బాబాయిని కూడా రెండు మాటలు చెప్పమన్నారు. వెనక బల్ల నుంచి లేచి అక్కడే నిలబడ్డాడు. అసలు సంగతి తెలిసిన ఐదారుగురూ వెనక్కి తిరిగి చూశారు. కోడలు ఒళ్ళోని చేతిరుమాలు మెలిపెట్టింది.

"నేను ఇరవై ఏడేళ్ళ వయసులో ఈ వీధికి వచ్చాను" అన్నాడాయన. "ఎవరూ తెలియదు. తాగుడు ఉండేది. కొట్టు తెరిచిన రెండో వారం ఈయన నా కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజు నా చేతులు వణుకుతున్నాయి, రెండు చోట్ల కోశాను. ఈయన కోప్పడలేదు. రక్తం తుడుచుకుని, 'ఆదివారం మందిరానికి రా తమ్ముడూ, నా పక్కన కూర్చుందువు గాని' అన్నారు. వెళ్ళాను. పక్కనే కూర్చోబెట్టుకున్నారు. నాకు ప్రభువు సంగతి చెప్పింది ఈయనే."

అంతే చెప్పి కూర్చున్నాడు.

కోడలు అత్తగారి వైపు చూసింది. ఆవిడకీ తెలియదని ఆ మొహమే చెబుతోంది. ఇన్నేళ్ళూ మామగారిలో తను చూడని మనిషి ఒకాయన ఉన్నాడని, ఆ మనిషిని బాబాయి ఒక్కడే మరిచిపోలేదని ఆమెకి అర్థమైంది. కళ్ళు తుడుచుకుని లేచి చూసేసరికి బాబాయి అప్పటికే గేటు దాటుతున్నాడు. కొట్టు దగ్గర ఎవరో గడ్డానికి ఎదురుచూస్తున్నారట, చేతిలో గొడుగు తెరిచి వానలోకి నడిచాడు.